ధ్యానం కాదు, చూపు

ఫిల్మ్ కెమెరా మెడలో వేసుకున్న ప్రతివాళ్ళూ ఈమధ్య ధ్యానం గురించి మాట్లాడుతున్నారు. ఫిల్మ్ చేతిలో ఉంటే మనిషి నిదానిస్తాడట. రేంజ్‌ఫైండర్ అయితే మరీనట. ఉన్నవి ముప్ఫై ఆరు ఫ్రేములే కాబట్టి ప్రతిదీ ఆచితూచి తీస్తామట, ఊపిరి మీద ధ్యాస నిలుస్తుందట, పరుగుల జీవితంలో ఇదొక విరామమట. ఆ కబుర్ల కింద కాఫీ కప్పు పక్కన కెమెరాని పడుకోబెట్టి తీసిన ఫొటో ఒకటి ఉంటుంది. అది ఫోన్‌తో తీసింది.

నాకీ భాషంటే ఒళ్ళుమంట. బయట నిలబడి రాయి వేస్తున్నాననుకోకండి. చాలా ఏళ్ళుగా నేను వాడేది రేంజ్‌ఫైండరే, కొనేది ఫిల్మే, నెలనెలా డబ్బులు తగలేసేది దాని మీదే. అంచేత ఇది గిట్టనివాళ్ళ వెటకారం కాదు, ఇంట్లోవాళ్ళ గొడవ. నా ఫిర్యాదు ఒక్కటే. ఈ కెమెరా బయటికి చూడ్డానికి పుట్టింది, మనం దాన్ని లోపలికి తిప్పుకున్నాం. మన మనశ్శాంతికీ, మన అభిరుచికీ, మనం పుట్టకముందు కాలం మీద మనకున్న బెంగకీ దాన్ని అద్దం చేసుకున్నాం. ఎదురుగా ఉన్న మనిషి మాత్రం ఆ అద్దంలో ఎక్కడా లేడు.

ముందు నిదానం సంగతి తేల్చుకుందాం.

నిదానంగా ఫొటోలు తీయాలంటే కెమెరాల చరిత్రలో కావలసినంత నిదానం ఉంది. రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం కొలువులో ఫొటోలు తీసిన రోజుల్లో కెమెరా అంటే పెట్టెల కొద్దీ సామాను, మూడుకాళ్ళ స్టాండు, నెత్తిమీద నల్లగుడ్డ, గాజు పలకలు, 'కదలొద్దు' అనే మాట. జర్మనీలోని వెట్జ్‌లర్‌లో లైట్జ్ కంపెనీలో పనిచేసే ఆస్కార్ బర్నాక్‌కి ఉబ్బసం. ఆ బరువంతా కొండల మీదికి మోసుకెళ్ళడం ఆయన వల్ల కాలేదు. సినిమా ఫిల్ముని అడ్డంగా నడిపించి, రెండు సినిమా ఫ్రేముల చోటు ఒక ఫొటోకి ఇచ్చి, 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉండే బొమ్మ తీసే చిన్న డబ్బా చేసుకున్నాడు. నమూనా 1913-14 నాటిది. మధ్యలో యుద్ధం వచ్చింది, లైకా పేరుతో అది అమ్మకానికి వచ్చేసరికి 1925 అయింది. జేబులో పట్టే కెమెరా, వెంటవెంటనే తీయగలిగే కెమెరా. ఆనాటి లెక్కలో అదొక మోటారు సైకిలు.

ఆ మొదటి లైకాలో రేంజ్‌ఫైండర్ లేదు కూడా. దూరం కంటితో అంచనా కట్టి లెన్సు మీద అంకె తిప్పుకోవాలి, లేదా విడిగా అమ్మే కొలత పరికరం కొనుక్కోవాలి. 1932లో లైకా రెండో మోడలూ, జైస్ వాళ్ళ కాంటాక్సూ ఆ కొలతని కెమెరాలోనే పెట్టి లెన్సుకి ముడివేశాయి. ఎందుకు? తొందరగా ఫోకస్ చేయడానికి. 1954లో వచ్చిన లైకా ఎమ్3 అప్పటిదాకా లైకాల్లో విడివిడిగా ఉన్న రెండు కిటికీల పనినీ, అంటే దూరం కొలిచే పనినీ ఫ్రేము చూసే పనినీ, ఒకే కిటికీలోకి తెచ్చింది. ఎందుకు? ఇంకా తొందరగా తీయడానికి. ఫిల్మ్ ముందుకి జరపడానికి గుండీ తిప్పే అవస్థ తీసేసి బొటనవేలితో లాగే మీట పెట్టిందీ అందుకే. ఈ యంత్రంలో ప్రతి మరా ఒక తొందర కోసం బిగించింది. దీన్ని పట్టుకుని నిదానానికి గురువంటే బర్నాక్ నవ్వుకుంటాడు.

ముప్ఫై ఆరు ఫ్రేముల క్రమశిక్షణ అంటారా? అమెరికాలో గ్యారీ వినోగ్రాండ్ అని ఒకాయన లైకా పట్టుకుని వీధులన్నీ తిరిగాడు. 1984లో ఆయన పోయేనాటికి కనీసం కడగని రీళ్ళే సుమారు 2,500 మిగిలాయి. ముప్ఫై ఆరు చొప్పున వేసుకుంటే 90,000 ఫొటోలు. తీసినవాడే చూడనివి! రీలు చిన్నదైనంత మాత్రాన మనిషి పొదుపరి అయిపోడు. పొదుపు మన జేబుది, ఫిల్ముది కాదు. ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అనే ప్రభుత్వ కంపెనీ 'ఇందు' పేరుతో ఫిల్మ్ తయారుచేసేది. అది మూతపడింది. ఇవాళ మనకి దొరికే రీళ్ళు దాదాపు అన్నీ దిగుమతివే. రంగుల రీలు ఒకటి కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి పదిహేను వందల చుట్టుపక్కల తేలుతోంది. ఆ ధరకి భయపడి మనం తక్కువ తీస్తున్నాం, అంతే. దానికి తాత్త్వికత తొడగడం దేనికి? పెట్రోలు ధర పెరిగిందని బండి పక్కనపెట్టినవాడు తపస్సు చేస్తున్నానని చెప్పుకోడు కదా.

మరి దీంట్లో ఆనందం ఏమిటి? ఉంది. అది చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి, తరవాత రెండోది మూసి చూడండి. వేలు అటూ ఇటూ గెంతుతుంది. వేలు దగ్గరికి తెచ్చేకొద్దీ గెంతు పెరుగుతుంది. రేంజ్‌ఫైండర్ చేసేది ఇదే. కెమెరా ముందువైపు రెండు చిన్న కిటికీలుంటాయి. ఎమ్3లో వాటి మధ్య ఎడం ఏడు సెంటీమీటర్లకి కాస్త తక్కువ, ఇంచుమించు మన కళ్ళ మధ్య ఉన్నంత. ఒక కిటికీలోంచి వచ్చిన బొమ్మని సగం పాదరసం పూసినట్టుండే అద్దం రెండో బొమ్మ మీద పరుస్తుంది. చూసేవాళ్ళకి ఫ్రేము మధ్యలో ఒక చిన్న చతురస్రం, అందులో జంట బొమ్మ కనిపిస్తాయి. లెన్సు తిప్పుతుంటే అందులో రెండో మనిషి నెమ్మదిగా జరిగి మొదటి మనిషిలోకి వచ్చి కూర్చుంటాడు. ఒకటైపోతారు. ఫోకస్ కుదిరింది.

ఆ కూర్చోవడంలో ఉన్న సుఖం మాటల్లో పెట్టడం కష్టం. సూదిలోకి దారం దూరినప్పటిది. ఫోన్ కూడా ఫోకస్ చేస్తుంది, మనకన్నా వేగంగా, చీకట్లో మనకన్నా నమ్మకంగా. కానీ ఆ పని మన చేతిలోంచి వెళ్ళదు. ఇక్కడ వేలికి తెలుస్తుంది, ఆ మనిషి రెండు మీటర్ల దూరంలో ఉన్నాడని. కొన్నాళ్ళకి చతురస్రం చూడక్కర్లేదు కూడా. నా యాషికా ఎలక్ట్రో 35లో ఉన్నది 45 మిల్లీమీటర్ల లెన్సు. ఎండ బాగా ఉన్న పూట ఎపర్చర్ ఎఫ్ 11 దగ్గర ఉంచి దూరం మూడు మీటర్లకి పెట్టేస్తే, సుమారు రెండు మీటర్ల నుంచి ఆరు మీటర్ల దాకా ఉన్నదంతా నికరంగా పడుతుంది. ఇక ఫోకస్ ఊసే లేదు. మూడు మీటర్లంటే ఎంత? ఒకటిన్నర బారలకి కాస్త ఎక్కువ. కంటి కొలత మీద బతికే పనులు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. టేపు తీయకుండా గుడ్డ చించే కొట్టువాడు, గరిటెతో తూచే వంటామె, వెనకచక్రానికీ గోడకీ మధ్య ఎంత జాగా ఉందో వీపుతో చూసే ఆటో అన్న. ఆ వరసలో చివర్న ఎక్కడో మనం నిలబడ్డామన్న గర్వం ఉంటుంది చూడండి, అది నాకు ఇష్టం. అది ధ్యానం కాదు, పనితనం.

అంతకన్నా పెద్ద సుఖం ఇంకోటుంది. సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్, అంటే మన ఇళ్ళ పెళ్ళిళ్ళలో చూసిన పెంటాక్స్, నైకాన్‌ల కుటుంబం, అందులో మీరు చూసేది లెన్సు చూసేదే. మీటర్లు మార్చినకొద్దీ ముందువన్నీ వెనకవన్నీ అలికేసినట్టవుతాయి. ఫ్రేము చుట్టూ నల్లటి గోడ ఉంటుంది. మీట నొక్కగానే లోపల అద్దం పైకి లేచి కన్ను మూతపడుతుంది. ఫొటో పడే ఆ ఘడియలోనే ఫొటో తీసేవాడు గుడ్డివాడు. తమాషా ఏమంటే ఎమ్3 వచ్చిన 1954లోనే జపాన్ వాళ్ళ అసాహిఫ్లెక్స్‌లో అద్దం వెంటనే కిందికి దిగిపోయే ఏర్పాటు వచ్చింది, దాంతో ఆ చీకటి రెప్పపాటుకి తగ్గింది. ఆ తరవాత 1959లో నైకాన్ ఎఫ్ వచ్చి వృత్తిలో ఉన్నవాళ్ళని తనవైపు లాక్కుపోయింది. దూరపు లెన్సులకీ మరీ దగ్గరి ఫొటోలకీ అదే మేలు, అందులో వాదన లేదు. రేంజ్‌ఫైండర్ ఓడిపోయింది, న్యాయంగానే ఓడిపోయింది.

కానీ దాని కిటికీలో చీకటి లేదు. మీట నొక్కినప్పుడూ ఆ మనిషి కనిపిస్తూనే ఉంటాడు, కన్ను ఆర్పాడా నవ్వాడా తెలుస్తూనే ఉంటుంది. ఫ్రేము అంటే అద్దంలో వెలిగే నాలుగు గీతలు, అంతే. గీతల బయట కూడా లోకం ఉంది. కుడివైపు నుంచి సైకిలు మీద ఒకతను వస్తున్నాడు, ఇంకా గీత దాటలేదు, ఇంకో అడుగు, ఇంకో అరడుగు. ఇప్పుడు! రాబోయేది కనిపిస్తుంది ఇందులో. మిగతా కెమెరాలు ఫొటోని చూపిస్తాయి. ఇది వీధిని చూపించి, ఫొటో సంగతి నువ్వే ఊహించుకో అంటుంది. లెన్సు మూత తీయకపోయినా కిటికీ మాత్రం నిక్షేపంగా కనిపిస్తుంది. మూత పెట్టే రీలంతా లాగించిన ఒకరిద్దరు ప్రతి ఊరి బృందంలోనూ ఉంటారు. వాళ్ళని ఏడిపించడం ఈ కాలక్షేపంలో అధికారికంగా గుర్తించిన ఆనందం.

1948 జనవరి 30న ఢిల్లీలో ఆన్రీ కార్తియే బ్రెసాఁ లైకాతో ఉన్నాడు. హత్యకి కొద్ది గంటల ముందే ఆయన గాంధీని కలిశాడు. ఆ రాత్రి బిర్లా హౌస్ గేటు దగ్గర నెహ్రూ జనానికి ఆ వార్త చెప్తున్న ఫొటో చూడండి. వెలుతురు లేదు. ముఖాలు సగం చీకట్లో, సగం చలనంలో ఉన్నాయి. నున్నగా, నికరంగా ఉన్న ఫొటో కాదది. గుంపు తోసుకుంటుంటే, ఒక దేశం తల్లడిల్లుతుంటే అక్కడ నిలబడి తీసిన ఫొటో. దాన్ని తీసినవాడు లోపలి నిశ్శబ్దాన్ని వింటున్నాడంటే నేను నమ్మను. వాడి కళ్ళు మొత్తం బయటే ఉన్నాయి.

ఇక ఫిల్ముకి ఆత్మ ఉంటుందనే మాట. దీనికి ఎక్కువ చోటివ్వను. మనలో తొంభైమంది చూసుకునేది నెగిటివ్ కాదు, ల్యాబ్ వాళ్ళు పంపిన స్కాను. ఆ స్కాను డిజిటల్ ఫైలే. అందులోని పచ్చదనమూ గోధుమ వెచ్చదనమూ చాలావరకు ఆ స్కానరూ, దాని ముందు కూర్చున్న కుర్రాడూ తేల్చినవి. ఒకే నెగిటివ్ రెండు చోట్ల ఇచ్చి చూడండి, రెండు ఆత్మలు వస్తాయి. ఫిల్ముకి నిజంగా ఉన్న గొప్ప ఏమిటంటే అదొక వస్తువు. కవరులో పెట్టి బీరువాలో దాచుకోవచ్చు, నలభై ఏళ్ళ తరవాత ఎవరో వెలుతురుకి ఎత్తి పట్టుకుని తాతయ్యని గుర్తుపట్టొచ్చు. ఆ ఒక్క గొప్పనీ మనం వద్దనుకుంటున్నాం. నేను వెళ్ళే ల్యాబ్‌లో ఒక సొరుగు నిండా ఎవరూ వచ్చి తీసుకెళ్ళని నెగిటివ్‌లున్నాయి. స్కానులు ఫోన్‌కి అందాయి, ఇంక పనేముంది? ఫిల్మ్ ఆత్మ గురించి మాట్లాడేవాళ్ళు దాని శరీరాన్ని ఇలా అనాథగా వదిలేస్తున్నారు.

సరుకు పిచ్చి గురించి చెప్పకపోతే ఈ గొడవ పూర్తికాదు. 1984లో వచ్చి, తరవాత ఆగిపోయిన లైకా ఎమ్6ని కంపెనీ 2022లో మళ్ళీ తెచ్చింది. ధర లక్షల్లో. కొనుక్కునేవాళ్ళు కొనుక్కోనివ్వండి, నాకేం కడుపుమంట లేదు (కొద్దిగా ఉంది). కానీ కొన్నవాళ్ళ మాటల్లో ఆ ధరే ఆనందానికి కొలత అయిపోయింది. కొత్తగా వచ్చిన డిగ్రీ పిల్ల కానొనెట్ పట్టుకొస్తే 'మొదలుపెట్టడానికి బానే ఉంటుంది' అంటారు. మొదలుపెట్టడానికేమిటి? రెండు కిటికీలూ, ఒక చతురస్రమూ, కదిలే గీతలూ అందులోనూ ఉన్నాయి. ఎలక్ట్రో 35ని యాషికా 1966 నుంచి చేసింది, మామూలు సంసారులు పిల్లల ఫొటోలు తీసుకోవడానికి. వెలుతురు చాలకపోతే పసుపు దీపం, మరీ ఎక్కువైతే ఎర్ర దీపం. ట్రాఫిక్ సిగ్నల్ తెలిసినవాళ్ళెవరైనా వాడొచ్చు. దానికి కావలసిన పాత పాదరసం బ్యాటరీ ఇప్పుడు రాదు, ఇప్పటి బ్యాటరీని ఏదో తొడుగులో ఇరికించి నెట్టుకొస్తాం. లోపల రబ్బరు ముక్క ఒకటి కాలం చేసి కరిగిపోతుంది. అది బాగుంటే మీట లాగినప్పుడు 'టక్'మని ఒక చప్పుడు వస్తుంది, ఆ చప్పుడు వినకుండా సెకండ్‌హ్యాండ్‌ది కొనకండి.

కోఠీలో గుజరాతీ గల్లీలో ఇలాంటివి బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. కెమెరా ఖరీదు అడగరు. కిటికీలో కన్నుపెట్టి, చతురస్రం మసకబారిందంటే నిట్టూర్చి, లోపలి అద్దాన్ని తుడవనంటారు. తుడిస్తే ఆ సగం పూత కాస్తా దూదికి అంటుకుని వచ్చేస్తుంది, తరవాత రెండో బొమ్మ ఎప్పటికీ కనిపించదు. లైకా అయినా యాషికా అయినా ఆయన దగ్గర వైద్యం ఒకటే. వానాకాలం వస్తే బూజుకి కూడా ఆ భేదం తెలీదు. సోవియట్ పుస్తకాలు చదివిన తరానికి మకరెంకో పేరు గుర్తుండే ఉంటుంది. వీధిపిల్లల కోసం హార్కోవ్‌లో ఆయన నడిపిన కమ్యూన్‌లోనే 1934లో ఫెడ్ అనే కెమెరా తయారీ మొదలైంది. లైకా రెండో మోడలుకి అచ్చు నకలు. పేరేమో రహస్య పోలీసు దళాన్ని స్థాపించిన జెర్జిన్‌స్కీ పొడి అక్షరాలు. అనాథపిల్లల చేతులు, పోలీసు పెద్ద పేరు, జర్మన్ల డిజైను. ఒక కెమెరాలో ఎంత చరిత్ర ఇరుక్కుందో చూడండి. దీన్ని వదిలేసి ఎర్రచుక్క లోగో గురించి రెండు గంటలు మాట్లాడుకునేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను.

ఈ కెమెరాల చప్పుడు తక్కువ. అద్దం ఎగిరిపడదు కాబట్టి చిన్న 'చిక్', అంతే. నా యాషికాలో అదీ సరిగా వినపడదు. ఈ మౌనాన్ని మనవాళ్ళు దొంగతనానికి లైసెన్సుగా తీసుకున్నారు. ఆదివారం పొద్దున్నే చార్మినార్ దగ్గర దిగే బృందాల పాఠాలు వినండి. నడుం దగ్గరనుంచి తీయండి, కళ్ళు కలపకండి, వాళ్ళు గమనించేలోగా జరిగిపోండి. కార్తియే బ్రెసాఁ తన కెమెరా మెరుపు కనపడకుండా నల్లటేపు చుట్టాడు, కాబట్టి మనమూ చుట్టాలి. ఇది వేటగాళ్ళ భాష. వేట అయ్యాక ఇంటికొచ్చి పెట్టే శీర్షికలో మళ్ళీ ధ్యానం.

అసలు ఈ కెమెరా ఆకారమే ఆ దొంగతనానికి ఒప్పుకోదని నా వాదన. చూసే కిటికీ కెమెరా ఎడమ చివర ఉంటుంది. కుడికన్ను అక్కడ పెడితే కెమెరా ముఖంలో కుడివైపుని మాత్రమే కప్పుతుంది. ఎడమకన్ను, ఎడమ చెంప, నోట్లో సగం బయటే ఉంటాయి. ఎదుటివాళ్ళకి మన సగం ముఖం కనిపిస్తుంది. మనం నవ్వితే తెలుస్తుంది, బెరుగ్గా ఉంటే తెలుస్తుంది. పెద్ద కెమెరా ముఖానికి మొత్తం ముసుగేస్తుంది, ఫోన్ అయితే మన చూపుని తెరమీదికి దించేస్తుంది. ఇందులో మాత్రం ఫొటో తీస్తూనే ఒక కంటితో ఆ మనిషిని మామూలుగా చూడొచ్చు, తలూపొచ్చు, మాట్లాడొచ్చు. (ఎడమకంటితో చూసేవాళ్ళకి ఇది వర్తించదు, పాపం వాళ్ళ ముక్కు కెమెరా వెనక నలుగుతుంది.) ఇద్దరి మధ్య కుదిరే ఫొటో కోసం ఇంతకన్నా మంచి పనిముట్టు నేను చూడలేదు. దాన్ని పట్టుకుని నడుం దగ్గర దాచుకోవడమేమిటి?

మొన్నామధ్య అలాంటి ఒక ఆదివారం లాడ్ బజార్ పక్క సందులో లక్కగాజులు చేసే ఒకాయన దగ్గర ఆగాం. బొగ్గుల మీద లక్క వేడిచేసి గుండ్రంగా వంచి అద్దపు ముక్కలు అతుకుతున్నాడు. మా బృందంలో ఒకతను మాటాపలుకూ లేకుండా మూడు ఫ్రేములు తీసుకుని ముందుకెళ్ళిపోయాడు. గాజులాయన తలెత్తి నన్నడిగాడు, "మీవాడు ఏం పట్టుకుపోయాడు?" అని. నా కెమెరా వెనక్కి తిప్పి చూపించాను. నల్లటి రేకు. "ఇందులో కనపడదా?" "కనపడదు." "మరి ఎలా పడిందో నీకెట్లా తెలుస్తది?" "తెలీదు." ఆయన గట్టిగా నవ్వాడు. చిన్నప్పుడు స్టూడియోకి వెళ్తే ఇలాగే నాలుగు రోజులాగి రమ్మనేవాళ్ళనీ, చేతిలో రసీదు ముక్క పెట్టేవాళ్ళనీ, అది పోతే ఫొటో ఇవ్వరని వాళ్ళమ్మ దాన్ని కొంగున కట్టుకునేదనీ చెప్పాడు.

ఆ రసీదు దగ్గరే నేను ఆగిపోయాను. ఫిల్మ్ రోజుల్లోంచి మనం అన్నీ వెనక్కి తెచ్చుకున్నాం. రేణువులు తెచ్చుకున్నాం, వెలుతురు కారిపోయిన ఎర్రటి చారలు తెచ్చుకున్నాం, తేదీముద్ర తెచ్చుకున్నాం, తోలు పట్టీ తెచ్చుకున్నాం. రసీదు ఒక్కటి తెచ్చుకోలేదు. ఊళ్ళో స్టూడియో ఆయనకి కళాభిరుచి ఉందో లేదో గానీ ఒక లెక్క ఉండేది. నిన్ను తీశాను, నీ బొమ్మ నీకు బాకీ. మీట నొక్కడానికీ ఫొటో చేతికందడానికీ మధ్య ఉన్న ఆ నాలుగు రోజులూ ఇద్దరి మధ్య వేలాడే మాట. ఇవాళ ఆ నాలుగు రోజుల్నే మనం నిరీక్షణలోని మాధుర్యమని వర్ణించుకుంటున్నాం. ఎవరి నిరీక్షణ? గాజులాయన నిరీక్షణకి ఆ వర్ణనలో చోటు లేదు. ఆయనకి బొమ్మ వస్తుందని ఎవరూ చెప్పలేదు.

దీనికి నాకు వినిపించే జవాబులు రెండు. ఒకటి, అడిగితే సహజత్వం పోతుందని. పోతుంది, కాసేపు. ఒక్క నిమిషం అక్కడే కూర్చోండి, ఆయన పని ఆయన చేసుకుంటాడు, మళ్ళీ వస్తుంది. పైగా తెలిసి చూస్తున్న ముఖం అబద్ధమనీ తెలియక దొరికిన ముఖమే నిజమనీ ఎవరు తేల్చారు? మన ఇళ్ళ గోడలకున్న తాతముత్తాతల ఫొటోలన్నీ కెమెరాని సూటిగా చూస్తున్నవే. వాళ్ళకన్నా నిజంగా ఎవరున్నారో చెప్పండి. రెండో జవాబు, ఇది మా సరదా, సమాజసేవ కాదు అని. ఒప్పుకుంటాను. సరదా చిన్నమాట కాదు, నేను పైన పుటలకొద్దీ రాసింది సరదా గురించే. కానీ ఆ సరదాకి సరుకు ఆయన ముఖం. మీ బాల్కనీలో తులసికోటని తీస్తే ఎవరికీ బాకీ లేరు. పాతబస్తీలో, మోజంజాహీ మార్కెట్లో, కూలీల అడ్డా మీద తీస్తే ఉన్నారు. మన వీధి ఫొటోల్లో ఎంతమంది చెమటోడ్చేవాళ్ళున్నారో, ఎంతమంది మన ఆఫీసువాళ్ళున్నారో ఒకసారి లెక్కపెట్టి చూడండి. కార్పొరేట్ లిఫ్టులో మేనేజర్‌ని అలా నడుం దగ్గరనుంచి తీయగల ధైర్యం ఎవరికుంది?

ఖర్చు సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే చివరికి అక్కడికే వస్తారు. రీలుకి పదిహేను వందలైతే ఒక్కో నొక్కుకి నలభై రూపాయల పైమాటే. నాలుగు అంగుళాలు బై ఆరు సైజు ప్రింటు పదిహేనో ఇరవయ్యో. మూడు ఫ్రేములు తీసినవాడు నూట పాతిక దాకా ఖర్చుపెట్టాడు, గాజులాయన వాటా అందులో ఆరోవంతు కూడా కాదు. రీలుకి ఒకటో రెండో ప్రింట్లు తీయించి, వెనక తేదీ రాసి, ఆ సందులోకి మళ్ళీ వెళ్ళి ఇచ్చి రావడం. నేనడుగుతున్నది ఇంతే. మేం ఆయన బొమ్మ ఇచ్చినప్పుడు ఆయన ముందు దాన్ని అద్దంలా పట్టుకుని తల సరిచేసుకున్నాడు. తరవాత వేడి తగలకుండా వెనక గోడకి, దేవుడి పటాలకి ఇవతల గుచ్చాడు. ఆపైన పక్కకొట్టువాడిని పిలిచి వీడిదీ తీయండన్నాడు. పక్కకొట్టువాడు షర్టు మార్చుకొస్తానన్నాడు.

మళ్ళీ అంతదూరం వెళ్ళడానికి తీరికెక్కడిదంటారా? తీరిగ్గా బతకడానికేగా ఈ కెమెరా కొన్నామన్నారు.